కొంగ జపానికి ఒక కెమెరా, కొంగ వేషాలకి ఇంకో కెమెరా: ఏది కొనాలి?

"కొంగల్ని తీయాలనుంది, ఏ లెన్స్ కొనమంటారు?" అని ఎవరైనా అడిగితే నేను ముందు బడ్జెట్ గురించి అడగను. కొంగ ఏం చేస్తుండగా తీయాలనుంది అని అడుగుతాను. అవతలివాళ్లు కాస్త తికమకపడతారు గానీ, అసలు లెక్కంతా అక్కడే ఉంది. నీళ్లలో కదలకుండా జపం చేసుకునే కొంగకి ఒక రకం సరంజామా చాలు. అదే కొంగ మెడ విసిరి చేపని అందుకునే క్షణం కావాలంటే ఇంకో రకం కావాలి. ఎండలో రెక్కలు సగం విప్పి ఆరేసిన పంచెలా నిలబడ్డప్పుడైతే చేతిలో ఏదున్నా సరిపోతుంది, నవ్వు ఆపుకుని కెమెరా కదలకుండా పట్టుకోగలిగితే.

కొన్నాళ్లుగా సెలవు దొరికినప్పుడల్లా చెరువు గట్ల మీదా, పొలాల్లోనూ కొంగల వెంట తిరుగుతున్నాను. చాలామంది ఎగిరే కొంగ కోసం అప్పు చేసి పెద్ద లెన్స్ కొంటారు, తర్వాత చూసుకుంటే వాళ్లకి నచ్చిన ఫోటోలన్నీ నిలబడి వేషాలేస్తున్న కొంగలవే ఉంటాయి. అందుకే ఇది రాస్తున్నాను.

ముందు భంగిమల సంగతి

కొంగ భంగిమల్ని నేను రెండు కుప్పలు వేస్తాను: నిదానంవి, మెరుపువి.

నిదానం కుప్పలోనే నవ్వులాటంతా ఉంది. చలి ఉదయం గుడ్డి కొంగ మెడంతా లోపలికి లాక్కుని దుప్పటి కప్పుకున్న తాతలా గట్టు మీద కూర్చుంటుంది, పావుగంటైనా కదలదు. నారాయణ పక్షి (మన చెరువుల్లో కనిపించే పెద్ద బూడిద రంగు కొంగ, నిలబడితే దాదాపు మీటరు ఎత్తు) సూర్యుడి వైపు తిరిగి రెక్కలు కిందికి వదిలి అరచేతులు చూపిస్తున్నట్టు నిలబడుతుంది. ఎండ ముదిరితే నోరు తెరిచి గొంతు గబగబా ఆడిస్తుంది. ఒక కాలెత్తి తల గోక్కుంటుంది, దాని నడిమి వేలి గోరుకి దువ్వెన పళ్లలాంటివి ఉంటాయి. ఇక ఎదురుగా నిలబడి నేరుగా మీ వైపు చూసిందంటే, ముక్కు పొడవంతా మాయమైపోయి, కళ్లు రెండూ ముక్కు కిందికి దిగి, పరీక్షలో కాపీ కొడుతూ దొరికిపోయిన కుర్రాడి మొహం. ఇవన్నీ కొన్ని సెకన్లు ఉంటాయి, కొన్ని నిమిషాలు కూడా ఉంటాయి.

మెరుపు కుప్పలో పెద్దగా లేవు: చేపని పొడవడం, గాల్లోకి లేవడం, వాలడం, రెండు కొంగలు చోటు కోసం కొట్టుకోవడం. కొంగ మెడలో ఆరో ఎముక మిగతావాటి కంటే పొడుగు, మెడ ఎస్ ఆకారంలో ముడుచుకుని ఒక్కసారిగా విచ్చుకునేది దానివల్లే. మీ వేలు షట్టర్ మీద పడేసరికి ముక్కు నీళ్లలోంచి బయటికి కూడా వచ్చేసి ఉంటుంది.

ఇక్కడ చాలామంది పట్టించుకోని సంగతొకటి ఉంది. పొడవడం మెరుపే గానీ మింగడం మెరుపు కాదు. చేప అడ్డంగా దొరికితే దాన్ని తల వైపు నుంచి లోపలికి పోయేలా తిప్పుకోవాలి, అది గిలగిల్లాడుతుంది, కొంగ తల విదిలిస్తుంది, ఒకోసారి జారవిడిచి మళ్లీ పట్టుకుంటుంది, చివరికి మెడలో ఉబ్బెత్తుగా ముద్ద దిగుతూ కనిపిస్తుంది, ఆ తర్వాత ఏమీ ఎరగనట్టు ముక్కు నీళ్లలో కడుక్కుంటుంది. ఈ తతంగమంతా మామూలు కెమెరాకి అందుతుంది. నా దగ్గరున్న కొంగ ఫోటోల్లో జనం ఆగి చూసేవి మింగుడు ఫోటోలే.

దేన్ని బట్టి తేల్చుకోవాలి

భంగిమ తర్వాత చూడాల్సింది దూరం. నేను వాడే చిట్కా లెక్క ఇది. ఫుల్‌ఫ్రేమ్ (పాత ఫిల్మ్ రీలంత పెద్ద సెన్సర్, అంటే బొమ్మని పట్టే చిప్) లెక్కలో మీ జూమ్ ఎన్ని ఎంఎంలో చూసి దాన్ని 20తో భాగించండి. అన్ని మీటర్ల దూరంలో నారాయణ పక్షి ఫ్రేములో పైనుంచి కిందిదాకా నిండుగా వస్తుంది. గుడ్డి కొంగ దాంట్లో సగమే ఉంటుంది కాబట్టి 40తో భాగించాలి. ఇవి కెమెరా అడ్డంగా పట్టుకున్నప్పటి లెక్కలు. అంతకంటే చిన్నదైన క్రాప్ సెన్సర్ కెమెరా అయితే లెన్స్ మీద రాసిన అంకెని ముందు 1.5తో, కానన్ అయితే 1.6తో గుణించుకోండి.

ఆ తర్వాత బరువు, ఎందుకంటే కొంగ ఫోటో అంటే ముప్పాతిక వంతు కాచుకుని కూర్చోవడమే. ఆ తర్వాత వెలుతురు. కొంగలు చురుగ్గా వేటాడేది తెల్లవారాక గంటా రెండు గంటలు, మళ్లీ పొద్దు వాలేటప్పుడు. పట్టపగలు బాగా పనిచేసే కెమెరా ఆ వేళకి చేతులెత్తేయొచ్చు.

| ఎంపిక | ఫుల్‌ఫ్రేమ్ లెక్కలో జూమ్ | నారాయణ పక్షి నిండే దూరం | గుడ్డి కొంగ నిండే దూరం | నిదానం భంగిమలు | మెరుపు భంగిమలు |
|---|---|---|---|---|---|
| 5ఎక్స్ జూమ్ ఉన్న ఫోన్ | సుమారు 120 | 6 మీటర్లు | 3 మీటర్లు | దగ్గరికి రానిస్తే భేష్ | ఆశ వదులుకోండి |
| ఫోన్ + 8ఎక్స్ బైనాక్యులర్ | సుమారు 200 | 10 | 5 | ఓపికుంటే | కుదరదు |
| పాత డీఎస్ఎల్ఆర్ + 55-250 | 400 | 20 | 10 | చాలా బాగుంటుంది | పదిలో ఒకటి రెండు |
| సోనీ ఆర్ఎక్స్10 4 | 600 | 30 | 15 | చాలా బాగుంటుంది | బాగానే |
| నికాన్ పీ950 | 2000 | 100 | 50 | అదరగొడుతుంది, ఎండ ముదరనంతవరకు | కష్టం |
| క్రాప్ బాడీ + 150-600 | 900-960 | 45 పైన | 22 పైన | అదరగొడుతుంది | ఇదే సరైనది |

ఫోన్

ఫోన్‌ని తక్కువ చేయొద్దు. ఊళ్లో చేపలమ్మే చోట కాళ్ల దగ్గర తచ్చాడే తెల్ల కొంగలు, పొలంలో ట్రాక్టర్ దమ్ము చేస్తుంటే చక్రాల వెనకే నడిచే పశువుల కొంగలు, ఇవి మనిషిని పెద్దగా లెక్కచేయవు. ఫోన్‌కి ఇంకో లాభం, దాన్ని నేలకి ఆనించి పెట్టొచ్చు. బురదలో పడుకోకుండానే కొంగ కంటి ఎత్తు నుంచి ఫోటో వస్తుంది. చిక్కల్లా ఆప్టికల్ జూమ్ దాటాకే. 30ఎక్స్, 50ఎక్స్ అని లాగితే ఫోనే ఈకల్ని ఊహించి గీసేస్తుంది, చూస్తే క్యాలెండర్ బొమ్మలా ఉంటుంది. క్లిప్‌తో తగిలించే జూమ్ లెన్స్‌లు అమ్ముతుంటారు చూడండి, అలాంటిదొకటి కొని రెండు రోజులు వాడి మా పిల్లలకి ఆడుకోడానికి ఇచ్చేశాను. దానికంటే ఇంట్లో 8ఎక్స్ బైనాక్యులర్ ఉంటే మనం కన్ను పెట్టే అద్దానికి ఫోన్ ఆనించి తీయడం మేలు. సరిగ్గా కుదరడానికి పది ప్రయత్నాలు పడుతుంది, కుదిరిందా ముచ్చటగా ఉంటుంది.

ఇంట్లో మూలపడ్డ డీఎస్ఎల్ఆర్

నా ఓటు దీనికే, కనీసం మొదలుపెట్టడానికి. చాలా ఇళ్లలో పెళ్లికో, పిల్లాడు పుట్టినప్పుడో కొన్న కెమెరా బీరువాలో పడి ఉంటుంది. దానికి 55-250 లాంటి లెన్స్ ఉందా, అయితే కొత్తగా ఏమీ కొనకండి. రెండూ కలిపి కిలో లోపే ఉంటాయి, గంటన్నర మెడలో వేసుకున్నా తెలియదు. గుడ్డి కొంగ పది మీటర్ల దాకా రానిస్తుంది. మనం అంత దగ్గరికి వెళ్లినా కదలదు కాబట్టే దానికి కళ్లు కనపడవనుకుని ఆ పేరు పెట్టారంటారు. నిజానికి అది మిమ్మల్ని చూస్తూనే ఉంటుంది, మీరు దాన్ని చూడలేదనుకుంటుంది. ఆ ధీమా మీద ఉన్నంతసేపూ ఎన్ని ఫోటోలైనా తీసుకోవచ్చు. మట్టిరంగు ముద్దలా ఉన్నది లేచి ఎగిరేసరికి తెల్లటి రెక్కలు ఒక్కసారి విచ్చుకుంటాయి, ఆ మార్పు చూసి నేను ఇప్పటికీ షట్టర్ నొక్కడం మర్చిపోతుంటాను.

లోపాలున్నాయి. నారాయణ పక్షి చాలా చోట్ల 20 మీటర్ల దాకా రానివ్వదు. పొద్దున్నే వెలుతురు చాలక ఐఎస్ఓ (సెన్సర్ సున్నితత్వం) 3200 దాటితే పాత కెమెరాల్లో చుక్కలు వచ్చేస్తాయి. పాత బాడీల ఆటోఫోకస్ కొంగ కన్ను వదిలేసి ముందున్న గడ్డిపరకని పట్టుకుంటుంది. మధ్య పాయింట్ ఒక్కటే ఎంచుకుని కంటి మీద పెట్టుకోండి, గొడవ చాలావరకు వదులుతుంది.

సూపర్‌జూమ్: ఒకే పేరు, రెండు రకాలు

పీ950, ఆర్ఎక్స్10 4 రెండూ లెన్స్ మార్చనక్కర్లేని కెమెరాలే, రెండూ కిలో చిల్లర బరువే, కానీ స్వభావాలు వేరు.

పీ950 దూరాన్ని జయిస్తుంది. చెరువు అవతలి గట్టున తుమ్మచెట్టు మీద తల గోక్కుంటున్న నారాయణ పక్షిని ఇవతలి గట్టు మీద కూర్చుని తీయొచ్చు. పక్షికి మనం ఉన్నట్టే తెలియదు కాబట్టి దాని వేషాలు అది వేసుకుంటుంది. అయితే సెన్సర్ చిన్నది, వెలుతురు తగ్గితే బొమ్మ మసకబారుతుంది. వరసగా తీయడం సెకనుకి 7 చొప్పున మొదలై సెకనున్నర లోపే ఆగిపోతుంది, ఆ తర్వాత కెమెరా రాసుకునేదాకా మీరు జపం చేయాలి. ఇంకోటి, తొమ్మిది దాటి ఎండెక్కాక నీళ్ల మీద గాలి పొయ్యి మీద ఆవిరిలా ఊగుతుంది. వంద మీటర్ల అవతలి పక్షి అంచులన్నీ వణుకుతాయి. అది కెమెరా లోపం కాదు, ఎంత ఖరీదైన లెన్స్‌తో తీసినా అంతే.

ఆర్ఎక్స్10 4 జూమ్ 600 దగ్గరే ఆగిపోతుంది గానీ ఒక అంగుళం సెన్సర్, ఎఫ్/2.4-4 లెన్స్ (ఈ అంకె ఎంత చిన్నదైతే అంత వెలుతురు లోపలికి వస్తుంది), సెకనుకి 24 ఫ్రేములు. చేప మింగుడు మొత్తం కథలా తీయాలంటే ఇది బాగా పనికొస్తుంది. ఇంటిల్లిపాదికీ ఒకే కెమెరా, ప్రయాణాల్లో అదే, కొంగలకీ అదే అనుకునేవాళ్లకి రెండింటిలో ఇదే చెబుతాను. బాల్కనీలోంచో డాబా మీంచో దూరంగా చెరువు కనిపించే ఇల్లు ఉన్నవాళ్లు, మోకాళ్లు సహకరించక ఒకచోటే కూర్చుని తీసే పెద్దవాళ్లు మాత్రం పీ950 వైపు వెళ్లండి.

150-600 జూమ్

కొంగ గాల్లో తేలుతుండగా, మెడ వెనక్కి ముడిచి కాళ్లు వెనక చాపి, రెక్కల చివరలు కిందికి వంచిన ఆ వయ్యారం కావాలంటే ఇక దీని దగ్గరికి రావాల్సిందే. సిగ్మా, టామ్రాన్ రెండూ ఈ రేంజిలో లెన్స్‌లు ఇస్తున్నాయి, బరువు దాదాపు 2 కిలోలు, బాడీతో కలిపితే ఖర్చు లక్ష దాటిపోతుంది. షట్టర్ వేగం సెకనులో 1/1600 వంతు కంటే ఎక్కువ పెట్టి, బర్స్ట్‌లో, అంటే వరసగా కొట్టేలా వదిలితే దక్కుతాయి. కానన్ ఆర్7, నికాన్ జెడ్8, ఓఎం సిస్టమ్ కెమెరాల్లాంటి కొత్తవాటిలో ప్రీ-క్యాప్చర్ ఉంటుంది, అంటే మీరు పూర్తిగా నొక్కకముందు అర సెకనో సెకనో ఫ్రేముల్ని కూడా దాచిపెడుతుంది. చేపని పొడిచే క్షణానికి మనిషి చేయగలిగింది లేదు, ఈ సదుపాయం ఒక్కటే దారి.

కానీ పెద్ద జూమ్ కొన్న కొత్తలో నేను చేసిన తెలివితక్కువ పని చెప్పాలి. ఆకివీడు వైపు ఒక చేపల చెరువు దగ్గర, ఏరియేటర్ (నీళ్లలో గాలి కలిపే యంత్రం) చక్రం మీద నిలబడ్డ నారాయణ పక్షి ఇరవై మీటర్లలో దొరికింది. సంబరంగా 600 దాకా లాగి, తల నుంచి పొట్ట దాకా ఫ్రేము నింపేసి కూర్చున్నాను. కాపలా ఆయన సైకిల్ ఆపి, "ఏటండీ తీత్తన్నారు, కొంగనా? ఆయ్, పట్టుకెళ్తానంటే పదిచ్చేత్తానండి, రోజూ మా చేపలు మింగేత్తన్నాయి" అన్నాడు. ఆయనకి నవ్వుతూ జవాబిస్తుంటే పక్షి లేచింది. నలభై ఫ్రేములు కొట్టాను. నలభైలోనూ కొంగకి రెక్కలు లేవు. రెక్కలు చాపితే మీటరున్నర నుంచి దాదాపు రెండు మీటర్లు, నా ఫ్రేములో పట్టేది మీటరు కూడా కాదు. అందుకే ఎగిరేది కావాలంటే జూమ్ సగం కంటే తక్కువకి తగ్గించుకుని కాచుకోండి. ముందు ఒంగి, మెడ సర్దుకుని, చాలాసార్లు తెల్లగా రెట్ట వేసి మరీ లేస్తుంది. రెట్ట వేసిందంటే వేలు సిద్ధం.

బరువు మోయలేం, మెరుపూ కొంత కావాలి అనేవాళ్లకి మధ్యేమార్గంగా కానన్ ఆర్ఎఫ్ 100-400 ఉంది, 635 గ్రాములే. ఎఫ్/8 దగ్గర తెల్లవారుజామున ఇబ్బంది పెడుతుంది, ఎండొచ్చాక హాయి. 600 ఎఫ్/4 లాంటి మహా లెన్స్‌ల గురించి రాయను, అవి కొనగలిగేవాళ్లకి నా సలహా అక్కర్లేదు.

ఏ కొంగతో మొదలుపెట్టాలి

కెమెరా ఏదైనా మొదటి నెల గుడ్డి కొంగకి ఇచ్చేయండి. నవ్వించడంలో దాన్ని మించింది లేదు, ప్రతి ఊళ్లోనూ ఉంటుంది. వయ్యారం నేర్చుకోడానికి చిన్న తెల్ల కొంగ మంచిది. నల్ల కాళ్లకి పసుపు సాక్సులు తొడుక్కున్నట్టుంటుంది, ఒక కాలు బురదలో గజగజ ఆడించి చేపల్ని బెదరగొట్టే ఆ అడుగు చూస్తే నాట్యమనాలో చలిజ్వరమనాలో తెలియదు. అయితే తెల్ల పక్షి నల్లటి నీళ్ల ముందుంటే కెమెరా మోసపోయి పక్షిని సున్నం బొమ్మలా చేసేస్తుంది, ఎక్స్‌పోజర్ (ఫోటో ఎంత వెలుగుగా రావాలో చెప్పే అంకె) మైనస్ 1 దాకా తగ్గించుకోండి. అదే నారాయణ పక్షి తెల్లటి ఆకాశం ముందుంటే ప్లస్ 1. నైట్ హెరాన్ అనే రాత్రి కొంగ ఎర్ర కళ్లతో, మెడే లేనట్టు కూర్చుని భలే ఉంటుంది గానీ అది బయల్దేరేది చీకటి పడే వేళ, పెద్ద సెన్సర్ లేనివాళ్లు దాని జోలికి ఆఖరున వెళ్లండి.

ఎదురు మొహం నవ్వు ఫోటోకి ఒక జాగ్రత్త. క్రాప్ బాడీ మీద 400 ఎంఎంతో 8 మీటర్ల దగ్గర ఎఫ్/6.3లో ఫోకస్ సుమారు 10 సెంటీమీటర్ల మేరే ఉంటుంది, నారాయణ పక్షి ముక్కే అంత ఉంటుంది. ఎఫ్/11కి వెళ్లండి (అంకె పెరిగితే ఫోకస్ మేర పెరుగుతుంది), లేదా కన్ను పట్టుకుని ముక్కుని వదిలేయండి. ఫోన్‌కి ఈ బాధే లేదు.

ఎక్కడ నిలబడాలి

ఊరి చెరువు గట్టు, చేపల చెరువు, పక్షుల కేంద్రం, ఈ మూడింట్లో మీ కెమెరాకి తగ్గది ఎంచుకోండి. కైకలూరు దగ్గర ఆటపాక, గుంటూరు దగ్గర ఉప్పలపాడు లాంటి చోట్ల పక్షులు వేలల్లో ఉంటాయి గానీ అక్కడ జనం వెళ్లేది పెలికాన్ల కోసం, ఎర్రకాళ్ల కొంగల కోసం. ఒక్క కొంగని ఖాళీ నీళ్ల ముందు విడిగా తీయడం అక్కడ కష్టం, వెనకంతా కొమ్మలూ రెక్కలూ. హైదరాబాద్ వాళ్లకి అమీన్‌పూర్ చెరువు ఉంది, దాన్ని 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించారు. చిన్న జూమ్ ఉన్నవాళ్లకి మాత్రం పేరులేని పొలం గట్టే బంగారం. కారున్నవాళ్లు దిగకండి, ఇంజిన్ ఆపి, అద్దం దించి, దాని మీద బియ్యం పోసిన చిన్న గుడ్డసంచి పెట్టి లెన్స్ ఆనించండి. కొంగ మనిషికి బెదిరినంత బండికి బెదరదు.

అమెరికాలో, ఇంగ్లండ్‌లో ఉన్నవాళ్లకి పని ఇంకా సులువు. లండన్ రీజెంట్స్ పార్కులో మన నారాయణ పక్షులే జనానికి అలవాటుపడి తిరుగుతుంటాయి. అమెరికా పార్కుల్లో గ్రేట్ బ్లూ హెరాన్ ఇంకాస్త పెద్దది, చాలాచోట్ల మనుషుల్ని ఖాతరు చేయదు. మీకు 55-250 లాంటిది చాలు, అక్కడి డిస్కౌంట్లు చూసి 600 కొనేయకండి.

గూళ్ల దగ్గరికి ఎవరూ వెళ్లొద్దు. మనం దగ్గరికెళ్తే తల్లి లేస్తుంది, అది లేచిన మరుక్షణం కాకి దిగుతుంది. ఎగిరే ఫోటో కోసం రాళ్లేసేవాళ్లనీ చూశాను. వాళ్లకి 1972 నాటి వన్యప్రాణి చట్టం సంగతి చెప్పి చూడండి, వినకపోతే మీరు అడ్డంగా నిలబడండి.

కొనే ముందు

రెండు రోజులు అద్దెకి తెచ్చుకోండి. 2 కిలోల లెన్స్ షాపులో పట్టుకున్నప్పుడు ఉన్న హుషారు గట్టు మీద రెండో గంటకి ఉండదు. సెకండ్‌హ్యాండ్ అయితే లెన్స్ వెనక నుంచి సెల్‌ఫోన్ టార్చ్ వేసి ముందు నుంచి చూడండి. ఒక షాపులో నాకు అంటగట్టిన లెన్స్ లోపల సాలెగూడులా ఫంగస్ పాకి ఉంది, ఇంటికొచ్చాక గానీ చూసుకోలేదు, వాపసు తీసుకోమంటే మీ ఇంట్లోనే పట్టిందన్నారు. కోస్తా జిల్లాల్లో ఉన్నవాళ్లు కొన్న రోజే గాలి చొరబడని డబ్బా, సిలికా జెల్ పొట్లాలు కూడా తెచ్చుకోవాలి.

ఇంకా తేల్చుకోలేకపోతే కొనడం వాయిదా వేయండి. డెల్టాలో దాళ్వా (రెండో పంట) దమ్ములు డిసెంబరు, జనవరిలో పడతాయి. ట్రాక్టర్ తోలే ఆయన్ని అడిగి పొద్దున్నే ఆ గట్టు మీద కూర్చుంటే, కొంగలు మీ ఫోన్‌కి అందేంత దూరంలోనే బురదలో కప్పల కోసం కొట్టుకుంటూ ఉంటాయి. చెప్పులు మాత్రం గట్టు మీదే విడిచి దిగండి, బురదలో ఒకటి ఇరుక్కుందంటే ఇక దొరకదు.